లోడు పడితేనే తెలిసే చప్పుడు

షార్జా పారిశ్రామిక వాడలో జనరేటర్లను అద్దెకిచ్చే ఒక కంపెనీలో డీజిల్ మెకానిక్‌గా నాకిది 14వ ఏడు. సెలవు ఖాయమైందని తెలియగానే విశాఖ గాజువాక నుంచి మా బావమరిది వాట్సాప్‌లో ఏదో ఒక బండి ఇంజిను చప్పుడు రికార్డు చేసి పంపిస్తాడు. క్యాంపులో పై పడక మీద పడుకుని నేను దాన్ని పదిసార్లు విని, ఏమీ చెప్పలేనని జవాబిస్తాను. ఫోను మైకు మనిషి గొంతును పట్టుకోవడానికి, వెనకనున్న ఎడతెగని రొదను తగ్గించడానికి తయారైనది కనుక, నాకు కావలసిన చప్పుడే అందులో ముందుగా మాయమవుతుంది. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా అతనికి నమ్మకం కుదరదు. గల్ఫులో ఇంజిన్లు బాగుచేసేవాడికి ఫోనులో విని చెప్పడం ఒక లెక్కా అని అతని ఉద్దేశం.

ఈ చెవి గల్ఫులో పుట్టినది కాదు. మర్రిపాలెం డీజిల్ లోకో షెడ్డుకు దగ్గరలో పెరిగినవాణ్ణి. 16 సిలిండర్ల, 2600 అశ్వశక్తి ఆల్కో రైలింజిను రాత్రంతా కదలకుండా ఐడిలింగులో గుడగుడలాడుతుంటే నిద్రపోవడం అలవాటైనవాణ్ణి. కంచరపాలెం ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు చదివాను. అయితే చప్పుడును చదవడం నేర్పినది మాత్రం షార్జాలో మా ఫోర్‌మన్‌గా ఉండిన పెషావర్ ఉస్తాద్. జనరేటర్ లోడు, అంటే దాని మీద పడే కరెంటు వాడకం, ఉన్నా లేకపోయినా నిమిషానికి 1500 చుట్లే తిరుగుతుంది, ఎందుకంటే 50 హెర్ట్‌జ్ కరెంటు కావాలంటే ఆ వేగం మారడానికి వీల్లేదు. వేగం మారదు కాబట్టి, లోడు పెంచుతున్నప్పుడు చప్పుడులో వచ్చే తేడా పూర్తిగా మంటది, బేరింగులది, గాలి దారులది. ఖాళీగా తిరిగే ఇంజిను అబద్ధాలు చెబుతుందని ఉస్తాద్ హిందీలో అనేవాడు. ముప్పావు లోడు ఎక్కించే దాకా యంత్రం గురించి నోరు విప్పనిచ్చేవాడు కాదు.

కిందటి సెలవులో, ఎయిర్‌పోర్టు ట్రిప్పుల కోసం సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొనాలని బావమరిది పట్టుబట్టాడు. మారుతి 2020 ఏప్రిల్‌లో, బీఎస్-6 కాలుష్య నిబంధనతో పాటు, డీజిల్ కార్లు ఆపేసిన తరువాత మారుతిలో చిన్న డీజిల్ కావాలనుకునేవాళ్లకు పాత బండ్లే దిక్కయ్యాయి. మొదట చూపించిన బండి అమ్మకందారు ఇంటి ముందు అప్పటికే స్టార్ట్ అయి ఉంది. "పెట్రోలు బండిలా ఉంది కదేటి బావా!" అని బావమరిది మురిసిపోయాడు. నేను బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను, కాలింది. మర్నాడు ఉదయం ఆరింటికి వస్తామనీ, అప్పటి వరకూ సెల్ఫ్ కొట్టవద్దనీ చెప్పి వచ్చేశాను. అమ్మకందారుకు కోపం వచ్చింది, బావమరిదికి సిగ్గు వేసింది.

చల్లని ఇంజినును ఎందుకు వినాలో చెప్పాలి. డీజిల్‌కు స్పార్క్ ప్లగ్గు లేదు. సిలిండర్‌లో గాలిని బాగా నొక్కి, ఆ వేడిలోకి నాజిల్ ద్వారా ఇంధనం చిమ్మితే అది అంటుకుంటుంది. చిమ్మడానికీ అంటుకోవడానికీ నడుమ ఒక లిప్తపాటు ఆలస్యం ఉంటుంది, ఆ లోపల పోగైన ఇంధనం ఒక్కసారి భగ్గుమంటే ఒత్తిడి ఉన్నట్టుండి పెరిగి ఇంజిను గోడలు టకటకమంటాయి. ఇంజిను చల్లగా ఉంటే ఆ ఆలస్యం పెరుగుతుంది కాబట్టి టకటక కూడా పెరుగుతుంది. 1997లో ఆల్ఫా రోమియో 156తో కార్లలోకి వచ్చిన కామన్ రైల్ (నాజిళ్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి గట్టి ఒత్తిడితో ఇంధనం అందించే) పద్ధతిలో అసలు మోతాదుకు ముందే ఒక చిన్న మోతాదు చిమ్మి దీన్ని చాలా వరకు మెత్తబరిచారు గానీ, పూర్తిగా పోలేదు. కనుక పొద్దున్నే డీజిల్ టకటకలాడటం జబ్బు కాదు, వేడెక్కినకొద్దీ ఆ చప్పుడు తగ్గాలి. తగ్గకపోయినా, పెరిగినా అప్పుడు ఆలోచించాలి. (విశాఖ వాతావరణంలో, చలిలో స్టార్ట్ కావడానికి సిలిండర్‌ను వేడిచేసే గ్లో ప్లగ్గులు పాడైనా బండి మామూలుగానే స్టార్ట్ అవుతుంది, ఆ సంగతి డిసెంబరులో లంబసింగి వెళ్లిన రోజున బయటపడుతుంది.)

మర్నాడు అదే బండి సెల్ఫ్ కొట్టగానే, ఇంజిను పక్క నుంచి గొలుసులు దులిపినట్టు గలగలమని శబ్దం వచ్చింది. ఒక్క క్షణంలో పోవలసినది ఆరేడు సెకన్లు ఉంది. వాల్వులను నడిపే టైమింగ్ చైను సాగింది, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్‌కు ఆయిలు ఒత్తిడి ఆలస్యంగా అందుతోంది. డిప్ స్టిక్ తీసి రెండు వేళ్ల మధ్య రుద్దితే ఆయిలు ఆముదంలా ఉంది. నిన్నటి నిశ్శబ్దం ఆ చిక్కటి ఆయిలుదే. ఆయిలు పోసే మూత తీస్తే బ్యాక్ కంప్రెషన్ పొగ, అంటే సిలిండర్‌లోంచి పిస్టన్ పక్కల నుంచి కిందికి జారిన పొగ, ఉప్పెనలా కొట్టింది. నేను మూత పెట్టేసి, టీ వద్దని చెప్పి బయలుదేరాను.

రెండో బండి కూర్మన్నపాలెంలో చూశాం. అది ఎంత గోల చేసిందంటే, బావమరిది కారు దిగకుండానే వద్దన్నాడు. నాకది నచ్చింది. బానెట్ లోపలి దూది పొర ఎప్పుడో ఊడిపోయింది, ఇంజిన్ మౌంటింగు రబ్బరు చితికిపోయి అదురు నేరుగా సీటుకు వస్తోంది. ఈ రెండింటికీ ఇంజిను ఆరోగ్యంతో సంబంధం లేదు. ఒక నాజిల్ మొదట్లో తారులాంటి నల్లటి మడ్డి పేరుకుంది, అక్కడ ఛఫ్ ఛఫ్‌మని గాలి వదులుతోంది. నాజిల్ కింది రాగి వాషరు పోయింది.

ఇక్కడొక సంగతి దాచకూడదు. జనరేటర్ల మధ్య బతికినందుకు నా ఎడమ చెవి చాలా వరకు పోయింది. ఇయర్ మఫ్ పెట్టుకుంటే చెమటకు జారుతుందని మొదటి మూడేళ్లూ మెడలో వేలాడదీసుకుని తిరిగాను. కంపెనీ వైద్య పరీక్షలో 4000 హెర్ట్‌జ్ దగ్గర గీత గుంటలోకి దిగినట్టు దిగిపోయింది. అందుకే పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిను మీద ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకు నొక్కి వింటాను. కూర్మన్నపాలెం బండి మీద కింది నుంచి పైకి జరుపుతూ విన్నాను. క్రాంకు వైపు బొంగురు దెబ్బ లేదు, నాలుగు సిలిండర్లూ ఒకే తాళంలో కొడుతున్నాయి. క్లచ్ తొక్కినా వదిలినా తేడా లేదు కాబట్టి ఫ్లైవీల్ మీద కూడా అనుమానం అక్కర్లేదు.

మిగిలింది లోడు. సింహాచలం ఘాట్ రోడ్డుకు తీసుకెళ్లాను. నలుగురం ఎక్కి, మూడో గేరులో, చుట్లు తక్కువగా ఉన్నప్పుడే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి మలుపులు ఎక్కించాను. బరువు పడ్డ కొద్దీ చప్పుడు లావైంది గానీ పగలలేదు. అద్దంలో నల్లటి పొగ కూడా కనబడలేదు. బాగుందని నేను అనబోతుండగా వెనక సీటులో ఉన్న బావమరిది కొడుకు, పన్నెండేళ్లవాడు, "మావయ్యా, ఈల వినబడుతోంది" అన్నాడు.

నాకేమీ వినబడలేదు. మళ్లీ తొక్కాను. "ఇదిగో, ఇప్పుడు. కాలు తీస్తే ఆగిపోతోంది" అన్నాడు వాడు. రోడ్డు వెడల్పైన చోట ఆపి, బానెట్ ఎత్తి, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే రబ్బరు గొట్టం వెంట వేలు పోనిచ్చాను. ఒక క్లాంపు దగ్గర ఆయిలు తడి తగిలింది. ఒత్తిడి పెరిగినప్పుడల్లా గాలి అక్కడి నుంచి తప్పించుకుంటోంది. ఇందాక చెవికి నొక్కిన స్క్రూడ్రైవర్‌తోనే క్లాంపును రెండు చుట్లు బిగించాను. పైకి ఎక్కుతుంటే, ముందుకు వంగి నా భుజం పక్కన తల పెట్టి విన్న పిల్లవాడు ఈల పోయిందన్నాడు. వాడి మాట మీదే బేరం ముగించాం.