ప్రింట్ విలువ తెలియాలంటే ముందు ఫ్రేమ్ విప్పించండి

కళాకారుడి సంతకం ఉన్న ప్రింట్, అంటే రాయి మీదో రేకు మీదో గీసిన బొమ్మ నుంచి కాగితం మీద తీసిన అచ్చు, ఎంత పలుకుతుందని అడిగేవాళ్లు నాకు పంపే ఫొటో దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. కుడివైపు కింద మూలన పెన్సిల్ సంతకం, బాగా జూమ్ చేసి తీసింది, మీద అద్దం మెరుపు. మిరో అనో, షగాల్ అనో, డాలీ అనో, ఇలా ఎవరో పేరుమోసిన చిత్రకారుడి పేరు ఉంటుంది. అదొక్కటి చూసి రేటు చెప్పేసేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాట దయచేసి నమ్మకండి. కాగితం ఏంటో, దేనితో ముద్రించారో తేలాకే సంతకం దగ్గరికి రావాలి.

డాలీ సంగతే తీసుకోండి. ఆయన ఖాళీ కాగితాల మీద కట్టలకు కట్టలు సంతకాలు పెట్టి ఇచ్చేశారు. 1974లో ఫ్రెంచ్ కస్టమ్స్ వాళ్లు ఒక ట్రక్కును ఆపితే, సంతకం తప్ప ఇంకేమీ లేని కాగితాలు 40,000 బయటపడ్డాయి. అంటే సంతకం అచ్చంగా ఆయనదే అయినా, పైనున్న బొమ్మతో ఆయనకు ఏ సంబంధమూ లేకపోవచ్చు. అలాంటప్పుడు ఆధారం కాగితంలోనే దొరుకుతుంది. ప్రింట్లకు బాగా వాడే ఫ్రెంచ్ కాగితం ఆర్ష్‌ను వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే ఆ పేరు వాటర్‌మార్క్‌గా కనిపిస్తుంది. 1980 తర్వాత తయారైన కాగితంలో పేరుతో పాటు అనంతం గుర్తు, అంటే అడ్డంగా పడుకోబెట్టిన 8 అంకె లాంటిది, కూడా ఉంటుంది. 1960ల నాటిదని చెబుతున్న ప్రింట్‌లో ఆ గుర్తు కనబడితే ఇక ముందుకు వెళ్లాల్సిన పనే లేదు.

ఇదంతా ఫ్రేమ్ విప్పితే తప్ప తెలియదు. విప్పాక పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి తీసుకుని రంగు మీద పెట్టి చూడండి. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు క్రమంగా, చిన్న చిన్న గుండ్రటి గుంపులుగా కనిపిస్తే అది బొమ్మను ఫొటో తీసి ఆఫ్‌సెట్ యంత్రం మీద, పుస్తకాలు అచ్చేసినట్టు, అచ్చేసిన నకలు. చేత్తో గీసిన లిథోగ్రాఫ్‌లో, అంటే రాయి మీదో రేకు మీదో జిడ్డు క్రేయాన్‌తో గీసి తీసిన అచ్చులో, ఆ క్రమం ఉండదు, క్రేయాన్ గరుకు ఎటుపడితే అటు పోతుంది, ఒక రంగు మీద ఇంకో రంగు పరిచినట్టు తెలుస్తుంది. ఎచింగ్ (రాగి రేకు మీద ఆమ్లంతో గీతలు తొలిచి తీసే అచ్చు) అయితే బొమ్మ చుట్టూ రాగి రేకు నొక్కిన గుంట వేలికి తగులుతుంది. కానీ చుక్కలు లేవు కాబట్టి అసలుదే అనుకోవద్దు, కొలోటైప్ అనే పాత ఫొటో ముద్రణ పద్ధతిలో తీసిన నకళ్లలోనూ ఆ చుక్కలుండవు.

ఇప్పుడు సంతకం. లైటు పక్కనుంచి పడేలా పెట్టి చూస్తే పెన్సిల్ గీత కొంచెం మెరుస్తుంది, కాగితం నొక్కుకుపోయినట్టు ఉంటుంది. బొమ్మతో పాటే అచ్చయిన సంతకానికి ఇవేవీ ఉండవు. ఇంకో మోసం నాకు బాగా కోపం తెప్పిస్తుంది. పారిస్‌లోని మాగ్ గ్యాలరీ వాళ్లు 1946 నుంచి 1982 దాకా నడిపిన 'దెరియేర్ ల మిర్వార్' పత్రికలో షగాల్, మిరోల అసలైన లిథోగ్రాఫ్‌లు వచ్చేవి, సంతకం లేకుండా. ఆ పేజీని చింపి, కింద ఎవరో పెన్సిల్‌తో పేరు రాసి, పక్కన ఒక నంబర్ వేసి, లిమిటెడ్ ఎడిషన్ అని అమ్ముతారు. లిథోగ్రాఫ్ నిజమైనదే కాబట్టి భూతద్దం పరీక్ష పాసైపోతుంది! మధ్యలో మడత ఆనవాలు ఉందేమో, వెనక పత్రిక అచ్చు ఉందేమో చూడండి.

నంబర్ గురించి జనం పడే టెన్షన్ అనవసరం. 3/100 అంటే తీసిన వందలో 3 నంబర్ వేసిన ప్రతి. 3/100కీ 87/100కీ మామూలుగా ధరలో తేడా రాదు, ముద్రించిన వరసలోనే నంబర్లు వేయాలనేమీ లేదు. మొత్తం ఎన్ని తీశారన్నదే లెక్క, అది కూడా కాగితం రకాన్ని బట్టి. పికాసో చేసిన వోలార్ సూట్ అనే ప్రింట్ల వరసలోని 100 ప్లేట్లనూ ఒక్కొక్కటి 260 చొప్పున ఒక సైజులో, ఇంకో 50 పెద్ద అంచులతో, 3 పార్చ్‌మెంట్ (జంతు చర్మంతో చేసిన పత్రం) మీద తీశారు. బొమ్మ అదే అయినా మార్కెట్‌లో అవి మూడు వేర్వేరు వస్తువులు. ఈ వివరాల కోసం ఆ కళాకారుడి పూర్తి ప్రింట్ల కేటలాగ్ తీయాల్సిందే. పికాసోకి బ్లాక్, బేయర్‌లు రాసిన కేటలాగ్‌లు, షగాల్ లిథోగ్రాఫ్‌లకు ముర్లోది, డాలీకి ఆల్బర్ట్ ఫీల్డ్‌ది. కొలతలు మిల్లీమీటర్లలో సరిపోల్చుకోండి. తక్కువ వచ్చిందంటే ఎవరో ఫ్రేమ్‌లో పట్టడానికి అంచులు కోసేసి ఉంటారు, దాంతో ధర బాగా పడిపోతుంది. ఫ్రేమ్‌లో ప్రింట్ చుట్టూ పెట్టే అట్ట, అంటే మౌంట్ బోర్డు, దాని ఆమ్లం వల్ల పడిన గోధుమరంగు గీత, బోర్డుకు పూర్తిగా అతికించేసిన వెనక భాగం, ఎండకు వెలిసిన రంగులు కూడా అంతే. మౌంట్ కింద దాగిన అంచులో రంగు ఎలా ఉందో చూస్తే ఎంత వెలిసిందో ఇట్టే తెలిసిపోతుంది.

చివరికి ధర. ఇన్సూరెన్స్ కోసం రాసేది, మళ్లీ కొనాలంటే షాపులో ఎంతవుతుందో ఆ మొత్తం. వేలంలో మీ చేతికొచ్చేది అంతకంటే చాలా తక్కువే ఉంటుంది. అదే ప్రింట్, అదే కాగితం, అదే స్థితిలో ఉన్నవి వేలంలో నిజంగా ఎంతకు పోయాయో చూడండి, అమ్మకానికి పెట్టినవాళ్లు అడుగుతున్న అంకెలు పట్టించుకోకండి. విలువ కట్టే మనిషి ఫీజు ధరలో ఇంత శాతం అన్నా, "నేనే కొనుక్కుంటాను" అన్నా, ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.