తొమ్మిదో ఎక్కం, పది వేళ్లు

బడి రోజుల్లో సాయంత్రం గంట కొట్టే ముందు వరసలో నిలబడి ఎక్కాలు ఒప్పజెప్పాలి. రెండు, ఐదు, పది ఎవరైనా చెప్పేస్తారు. తొమ్మిది దగ్గరికొచ్చేసరికి అందరికీ టెన్షనే, గొంతులు సన్నబడిపోయేవి.

మా బెంచీలో ఒకడు మాత్రం చేతులు వెనక పెట్టుకుని టకటకా అప్పజెప్పేవాడు. బట్టీ కాదు, వేళ్లు! తొమ్మిది నాలుగులు కావాలంటే ఎడమ నుంచి నాలుగో వేలు మడవాలి. దానికి ముందు మూడు వేళ్లు, తర్వాత ఆరు. ముప్పై ఆరు! ఏడో వేలు మడిస్తే ముందు ఆరు, తర్వాత మూడు. అరవై మూడు! తొంభై దాకా ఏ జవాబులోనైనా అంకెలు కలిపితే తొమ్మిదే వస్తుంది, మడిచిన వేలు పోగా మిగిలేవీ తొమ్మిదే. వాడికెవరూ ఇది నేర్పలేదు, ఆడుకుంటూ పట్టేశాడు.

ఒకరోజు మాస్టారు వెనక నుంచి చూసేశారు. "చేతులు చాపు" అన్నారు. దెబ్బలు ఖాయమనుకున్నాం. "ఏదీ, ఇంకోసారి మడిచి చూపించరా" అంటూ పక్కన కూర్చున్నారు. ఎంత మంచి మాస్టారో!

దొండాకుతో పలక రుద్దుకోవడం, పుస్తకంలో నెమలీక పిల్లలు పెడుతుందని ఎదురుచూడటం... అన్నీ ఇష్టమే కానీ, ఈ వేళ్ల లెక్కంటే మరీ ముచ్చట.

మొన్న మా పాపకి నేర్పించాను. రెండు నిమిషాల్లో పట్టేసి, "మరి తొమ్మిది పదకొండులకి కాలి వేలు మడవాలా నాన్నా?" అంది.