ఇటుకల మీద పేర్లు

జీవితమంతా పత్రికల డెస్కుల మీద గడిపినవారికి ఊళ్లు చూసే పద్ధతి కాస్త వేరుగా ఉంటుంది. కౌలాలంపూర్‌లో దిగిన మరునాటి ఉదయం మా బృందమంతా జంట గోపురాల వైపు బయలుదేరగా, నేను ఒక్కడినే కేఎల్ సెంట్రల్ స్టేషన్‌లో ఎల్ఆర్‌టీ రైలెక్కి, తరువాతి స్టేషన్ అయిన బంగ్‌సార్‌లో దిగి, బంగ్‌సార్ ఉతామా అనే పేటలో ఒకప్పుడు ఉండిన ఒక కార్యాలయం కోసం బయలుదేరాను. చూడదగినదేదీ అక్కడ మిగిలి ఉండదని నాకు ముందే తెలుసు. కింద దుకాణాలు, పైన ఆఫీసులు ఉన్న వరుస భవనాలు, వాటి మధ్య ఇరుకైన మెట్లు, గోడలకు తగిలించిన ఏసీ యంత్రాల నుంచి చుక్కలు చుక్కలుగా కారే నీళ్లు తప్ప నాకేమీ కనిపించలేదు. అయినా ఈ పేటలోనే ఇలాంటి మెట్లెక్కి 2003 జనవరి 20న పోలీసులు ‘మలేసియాకీని’ అనే ఇంటర్నెట్ వార్తాపత్రిక కార్యాలయంలోకి ప్రవేశించి, 19 కంప్యూటర్లను మోసుకుపోయారని తలచుకుంటూ ఆ వీధిలో ఒక గంటసేపు తిరిగాను.

ఆ దాడికి కారణం వార్త కాదు, ఒక పాఠకుడి ఉత్తరం. మలయ్ జాతీయులకున్న ప్రత్యేక హక్కులను విమర్శిస్తూ మారుపేరుతో వచ్చిన ఆ ఉత్తరాన్ని మలేసియాకీని ప్రచురించగా, అధికార కూటమికి నాయకత్వం వహిస్తున్న ఉమ్నో పార్టీ యువజన విభాగం పోలీసులకు ఫిర్యాదు చేసింది. ఉత్తరం రాసినవారెవరో చెప్పమని పోలీసులు అడిగారు, సంపాదకులు చెప్పలేదు. యంత్రాలు పోయినా కొన్ని గంటల్లోనే వార్తలను తిరిగి పాఠకులకు అందించారు.

ఈ సంఘటన గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు సిగ్గుగా అనిపించింది, అందుకు కారణం ఉంది. నేను సబ్ ఎడిటర్‌గా ఉన్న రోజుల్లో, ఒక పల్లెటూరి నుంచి చెరువు పనుల కాంట్రాక్టరు మీద ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. పేరు వేయవద్దని కోరాడు కాబట్టి మేము వేయలేదు. ప్రచురించిన రోజు మధ్యాహ్నానికే ఎవరో ఫోన్ చేశారు, యాజమాన్యం నుంచి మనిషి వచ్చాడు, ఆ ఉత్తరం పోస్టాఫీసు ముద్ర ఉన్న కవరుతో సహా నా సొరుగులోంచే బయటికి వెళ్లిపోయింది. ఇచ్చింది నేనే. ఆ పాఠకుడు తరువాత మాకు ఎన్నడూ రాయలేదు, ఆయనకు ఏమైందో విచారించే ధైర్యం నాకు కలగలేదు. కనుక బంగ్‌సార్ మెట్ల దగ్గర నిలబడడం నాకు విహారయాత్ర కాదు.

మలేసియాకీనిని స్థాపించిన స్టీవెన్ గాన్, ప్రేమేశ్ చంద్రన్‌లు ఇద్దరూ అంతకుముందు ఒకే ఇంగ్లీషు దినపత్రికలో పనిచేశారు. 1995లో గాన్ బృందం, సెమెన్యీ అనే ఊళ్లోని వలస కార్మికుల నిర్బంధ శిబిరంలో 59 మంది చనిపోయారన్న సంగతిని పరిశోధించి బయటికి తీసింది. టైఫాయిడ్, పోషకాహార లోపం వల్ల వచ్చే బెరిబెరి వంటి వ్యాధులకు బలైన ఆ మనుషుల్లో ఎక్కువమంది బంగ్లాదేశీయులు. వార్త సిద్ధమైంది గాని పత్రిక వేయలేదు. అప్పుడు ఆ సమాచారాన్ని వలస కార్మికుల హక్కుల కోసం పనిచేసే తెనగనిత సంస్థ నాయకురాలు ఐరీన్ ఫెర్నాండెజ్‌కు అందించారు. దాన్ని బయటపెట్టినందుకు ఆమె మీద తప్పుడు వార్తలు ప్రచురించారన్న నేరం మోపారు. 2003లో ఏడాది జైలుశిక్ష పడింది, 2008లో గాని ఆ శిక్ష రద్దు కాలేదు. చేతిలో ఉన్న వార్త యాజమాన్యం గడప దాటకపోవడమంటే ఏమిటో అనుభవించినవాడు సొంత పత్రిక పెట్టాలనుకోవడంలో వింత లేదు. అయితే పెట్టడం ఎలా అన్నదే చిక్కు. 1984 నాటి ముద్రణాలయాలు, ప్రచురణల చట్టం ప్రకారం అచ్చు పత్రికకు హోంశాఖ అనుమతి ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించుకోవలసి ఉండేది. ఏటా పునరుద్ధరించుకోవాలన్న నిబంధనను 2012లో గాని తొలగించలేదు. పెద్ద పత్రికల్లో చాలావాటి వాటాలు అధికార కూటమి పార్టీల చేతుల్లోనో, వాటికి దగ్గరివారి చేతుల్లోనో ఉండేవి.

దారి చూపింది మాత్రం ఆ ప్రభుత్వమే. విదేశీ సాంకేతిక సంస్థలను ఆకర్షించడానికి ప్రధాని మహతీర్ మొహమ్మద్ 1996లో మల్టీమీడియా సూపర్ కారిడార్ పథకాన్ని ప్రారంభిస్తూ, పెట్టుబడిదారులకిచ్చిన హామీల్లో ఇంటర్నెట్‌ను సెన్సారు చేయబోమన్నది కూడా చేర్చారు. 1998 నాటి కమ్యూనికేషన్ల చట్టంలో కూడా ఆ మాట ఎక్కింది. పెట్టుబడి కోసం తెరిచిన ఆ తలుపులోంచే ఇద్దరు విలేఖరులు లోపలికి నడిచారు. ఆగ్నేయాసియా పత్రికా స్వేచ్ఛ కూటమి ఇచ్చిన గ్రాంటుతో, సార్వత్రిక ఎన్నికలకు తొమ్మిది రోజుల ముందు, 1999 నవంబరు 20న మలేసియాకీని మొదలైంది. మలయ్‌లో ‘కీని’ అంటే ‘ఇప్పుడు’ అని అర్థం. అంతకు ముందు ఏడాది ఉప ప్రధాని పదవి నుంచి అన్వర్ ఇబ్రహీంను తొలగించి జైలుకు పంపడంతో వీధుల్లోకి వచ్చిన జనానికి, పత్రికల్లో కనిపించని వార్తలు కావలసి ఉన్న కాలమది. ఒక దినపత్రిక నాయకుల సామూహిక ఛాయాచిత్రంలో అన్వర్ రూపాన్ని మాయం చేసి ప్రచురించిందన్న సంగతిని బయటపెట్టడం కొత్త సంస్థ తొలినాళ్లలో చేసిన పనుల్లో ఒకటి. ఫొటోలో ఒక తల మారిందని పట్టుకోవడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు, పాత ఫొటో పక్కన పెట్టి చూసే ఓపిక ఉంటే చాలు. ఆ ఓపిక ఉన్న డెస్కు చాలా అరుదని మాత్రం నా అనుభవం మీద చెప్పగలను.

ఆ మధ్యాహ్నమే కౌలాలంపూర్‌ను ఆనుకుని ఉన్న పెటాలింగ్ జయకు వెళ్లాను. మలేసియాకీని తరువాతి కార్యాలయం అక్కడి సెక్షన్ 51లో, గోదాములు, చిన్న పరిశ్రమలు ఉన్న ప్రాంతంలో ఉంది. సొంత భవనం కొనడానికి సంస్థ పాఠకులనే అడిగింది. ఒక్కో ఇటుకకు 1,000 రింగిట్ల చొప్పున ‘ఇటుకను కొనండి’ అని పిలుపునిస్తే, ఇచ్చినవారి పేర్లు ఇటుకల మీదికి ఎక్కాయి. ముందుగా రాసి అనుమతి అడిగినందువల్ల ఒక యువ ఉద్యోగి నన్ను ఆ గోడ దగ్గరికి తీసుకువెళ్లి తన పనికి తాను వెళ్లిపోయాడు. వాన మొదలైంది. నేను నింపాదిగా పేర్లు చదువుతూ పోయాను. చైనీయుల పేర్లు, మలయ్ పేర్లు, తమిళ పేర్లు, పంజాబీ పేర్లు పక్కపక్కనే ఉన్నాయి. మలయ్, చైనీయ, భారతీయ అనే మూడు జాతుల ఓట్లను లెక్కలు కట్టి పంచుకునే రాజకీయాలున్న దేశంలో ఇవన్నీ ఒకే గోడ మీద కనిపించడం చిన్న సంగతి కాదు. ఒక ఇటుక మీది అక్షరాలను వేలితో తడిమి చూశాను, అక్షరాల అంచు కాస్త గరుకుగా తగిలింది. ఒక్క పాఠకుడి పేరు చెప్పనందుకు కంప్యూటర్లను పోగొట్టుకున్న సంస్థకు, పదేళ్ల తరువాత ఇంతమంది పాఠకులు తమ పేర్లను బాహాటంగా, డబ్బు కట్టి మరీ ఇచ్చారు. 2003లో ఆ పేరు పోలీసులకు చెప్పి ఉంటే ఈ గోడ లేచేది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మలయ్‌లో వార్తను ‘బెరితా’ అంటారు, నమ్మకాన్ని ‘పెర్చాయా’ అంటారు. రెండూ సంస్కృతం నుంచి వెళ్లిన మాటలే. మొదటిది మన ‘వృత్త’మైతే రెండవది ‘ప్రత్యయం’. మన పాత తెలుగులో కూడా ప్రత్యయమంటే నమ్మకమే. ఇప్పుడు ఆ మాట మనకు వ్యాకరణంలో మాత్రమే మిగిలింది.

అయితే నమ్మకం గోడ కట్టినంత సులువుగా రాలేదు, వచ్చినది ప్రశ్నలు లేకుండా నిలవలేదు. సంస్థలో మైనారిటీ వాటా తీసుకున్న, స్వతంత్ర పత్రికలకు అప్పులిచ్చే మీడియా డెవలప్‌మెంట్ లోన్ ఫండ్‌కు అమెరికన్ కోటీశ్వరుడు జార్జి సోరోస్ ఫౌండేషన్ డబ్బుతో సంబంధం ఉన్నందువల్ల, 2001 నుంచే ‘విదేశీ డబ్బుతో నడిచే పత్రిక’ అన్న ఆరోపణ మొదలైంది. 2016 నవంబరులో అధికార కూటమిని సమర్థించే ఎర్ర చొక్కాల ఆందోళనకారులు ఇదే ఆరోపణతో కార్యాలయం మీదికి ఊరేగింపుగా వచ్చారు. ఆ ప్రశ్న అడిగినవారి ఉద్దేశం ఏదైనా, ప్రశ్న మాత్రం న్యాయమైనదేనని నా అభిప్రాయం. ఎవరి డబ్బుతో నడుస్తున్నావని అడిగే హక్కు పాఠకుడికి ఎప్పుడూ ఉంటుంది, ప్రభుత్వ ప్రకటనలతో నడిచే పత్రికను కూడా అదే గట్టితనంతో అడగాలి. 2002లోనే చందా పద్ధతి పెట్టి, చదివేవారి దగ్గరే డబ్బు తీసుకోవడం మొదలుపెట్టడాన్ని నేను వారి అసలైన సమాధానంగా లెక్కిస్తాను. ఇంటర్నెట్‌లో వార్త ఉచితంగానే దొరకాలని లోకమంతా అనుకుంటున్న రోజుల్లో అది చాలా మొండి నిర్ణయం.

మరునాడు విమానాశ్రయం వైపు వెళ్లే రైలెక్కి పుత్రజయ, సైబర్‌జయ స్టేషన్‌లో దిగాను. సెన్సారు లేని ఇంటర్నెట్ అన్న హామీకి చిహ్నంగా కట్టిన ఊరు సైబర్‌జయ, కమ్యూనికేషన్లు, మల్టీమీడియా కమిషన్ ఉన్నది కూడా ఆ ఊళ్లోనే. 2018 మే 9న, ఆరు దశాబ్దాల అధికార కూటమి ఓడిపోయిన ఎన్నికల రాత్రి, మలేసియాకీని ఫలితాలు అందిస్తున్న పేజీలను నిలిపివేయమని సర్వీసు ప్రొవైడర్లను ఆదేశించింది ఆ కమిషనే. సైబర్‌జయలో అద్దాల భవనాలు తప్ప నాకేమీ ఆసక్తి కలిగించలేదు, త్వరగానే పరిపాలనా రాజధాని పుత్రజయకు మళ్లాను.

పుత్రజయలో గుమ్మటాలతో కనిపించే న్యాయ భవనం ముందు చాలాసేపు కూర్చున్నాను. 2021 ఫిబ్రవరి 19న దేశ అత్యున్నత న్యాయస్థానమైన ఫెడరల్ కోర్టు, న్యాయవ్యవస్థను కించపరుస్తూ పాఠకులు రాసిన ఐదు వ్యాఖ్యలకు మలేసియాకీనిని బాధ్యురాలిని చేసి, కోర్టు ధిక్కార నేరం కింద 5,00,000 రింగిట్ల జరిమానా విధించింది. ప్రాసిక్యూషన్ అడిగినది 2,00,000 మాత్రమే. ఏడుగురు న్యాయమూర్తుల్లో నళిని పద్మనాథన్ ఒక్కరే విభేదించారు. గాన్‌ను మాత్రం కోర్టు వ్యక్తిగతంగా నిర్దోషిగా వదిలింది. జరిమానా మొత్తాన్ని పాఠకులు కొద్ది గంటల్లోనే చెల్లించారు. ఈ కథను సంబరంగా చెప్పుకొనేవారు, అదే ఏడాది జూలైలో వచ్చిన మరో తీర్పును సాధారణంగా ప్రస్తావించరు. రావుబ్ ప్రాంతంలోని బంగారు గని మీద రాసిన కథనాల విషయంలో గని సంస్థ వేసిన పరువునష్టం దావాలో మలేసియాకీని ఓడిపోయింది. హైకోర్టులో గెలిచిన కేసు అప్పీళ్లలో తిరగబడి, చివరకు ఫెడరల్ కోర్టులో ముగ్గురు న్యాయమూర్తులు గని సంస్థ వైపు, ఇద్దరు మలేసియాకీని వైపు అయ్యారు. ఒక వర్గం ఆరోపణను వేసేటప్పుడు అవతలివారి మాటను ఎంత వేయాలి, ఎంత పరీక్షించి వేయాలి అన్న చిక్కు ప్రతి డెస్కుకూ తెలిసినదే. ఆ తీర్పు సరైనదా కాదా అన్నది అలా ఉంచితే, స్వతంత్రంగా ఉండడమూ, పొరపడకుండా ఉండడమూ ఒకటి కావని నాకు గుర్తు చేసింది. ఆ డబ్బు కోసం కూడా సంస్థ పాఠకులనే ఆశ్రయించింది.

తిరుగు విమానానికి ఇంకా సమయం ఉండడంతో సెమెన్యీకి కారు మాట్లాడుకున్నాను. డ్రైవరు తమిళుడు, నా వచ్చీరాని తమిళానికి నవ్వుకుంటూనే ఓపికగా సమాధానాలు చెప్పాడు. మలేసియాకీని చదువుతారా అని అడిగితే, శీర్షికలు చదువుతానని, లోపలిది చదవాలంటే డబ్బు కట్టాలి కదా సార్ అని అన్నాడు. అద్దంలో నన్ను చూసి, ఎన్నికలప్పుడు మాత్రం అంతా చదువుతామని కలిపాడు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. ఎవరి చందాతో ఆ సంస్థ నిలబడిందో వారికే వార్త ముందుగా చేరుతుంది, ఈయన వంటివారు శీర్షిక దగ్గరే ఆగిపోతారు.

ఊరు దాటిన తరువాత ముళ్లతీగ కంచె కనిపించింది. ఇక్కడ ఆగడం మంచిది కాదన్నాడు డ్రైవరు. రోడ్డు పక్కన ఒక్క నిమిషం మాత్రం ఆపించి, ఇక్కడ 1995లో 59 మంది చనిపోయారన్న సంగతి తెలుసా అని అడిగాను. ఆయన తెలియదని తల ఊపి, ఏ పత్రికలో వచ్చింది సార్ అని అడిగాడు. రాసినవాళ్ల పత్రికలో రాలేదని చెప్పాను. ఆయన మరేమీ అడగకుండా కారును విమానాశ్రయం వైపు తిప్పాడు.