ఆరోవిల్‌లో ఎండాకాలం: ఇంటి బాధ్యత, అడవి పని

ఏప్రిల్ వచ్చిందంటే ఆరోవిల్‌లో, అంటే పుదుచ్చేరి పక్కన పలు దేశాలవాళ్ళు కలిసి ఉండే ఊళ్ళో, చాలామంది పెట్టెలు సర్దుకుంటారు. ఎండలు తట్టుకోలేక కొందరు, సొంత దేశంలో ఉన్న పెద్దవాళ్ళని చూసి రావడానికి కొందరు బయల్దేరి, జూన్‌లోనో జూలైలోనో తిరిగొస్తారు. తాళం వేసి వెళ్ళిపోదామంటే కుదరదు. కుక్కకు తిండి పెట్టాలి, తోటకు నీళ్ళు పట్టాలి, సోలార్ బ్యాటరీలు చూడాలి, నీళ్ళతో ఫ్లష్ చేయని డ్రై టాయిలెట్ సంగతి చూడాలి. అందుకని నమ్మకమైనవాళ్ళని ఇంట్లో పెట్టి వెళ్తారు. దాన్నే హౌస్‌సిట్టింగ్ అంటారు. మేం ఆ వేసవిలో అక్కడ ఉన్నది అలాగే: తెల్లవారుజామున అడవి పనిలో వాలంటీర్లుగా, మిగతా వేళల్లో ఇంటి బాధ్యులుగా.

చెన్నై నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదుగా వెళ్ళే పుదుచ్చేరి బస్సెక్కితే సుమారు 150 కిలోమీటర్లు. పుదుచ్చేరి దాకా పోనక్కర్లేదు. కాస్త ముందే పెరియముదలియార్‌చావడి దగ్గర దిగి, కుయిలాపాళయం మీదుగా ఆటోలో లోపలికి వెళ్ళాలి. లోపల తిరగడానికి సైకిలు చాలు. ఊరి ప్లాను ప్రకారం నగర భాగం వ్యాసార్ధం 1.25 కిలోమీటర్లు, దాని చుట్టూ అంతే వెడల్పున అడవి, పొలాల వలయం, అదే గ్రీన్‌బెల్ట్. ఎర్రమట్టి దారుల్లో ముళ్ళు ఎక్కువ కాబట్టి పంక్చరు సామాను, చేతిపంపు సైకిలు మీదే ఉంచుకోవాలి.

హౌస్‌సిట్టింగ్ ముందు దొరికితే పని తర్వాత చూసుకుందాం అనుకుని రాకూడదు. వరస దానికి ఉల్టా. ముందు వాలంటీర్ల వ్యవహారాలు చూసే సావి ద్వారా ఏదో ఒక ప్రాజెక్టులో కుదురుకోవాలి. రెండు మూడు నెలలు ఉండగలిగినవాళ్ళకే పని నేర్పడానికి ఎవరికైనా ఓపిక ఉంటుంది. మొదటి కొన్ని వారాలు గెస్ట్‌హౌస్‌లోనో ప్రాజెక్టువాళ్ళ బసలోనో ఉండాలి. మన పనితీరు చూసినవాళ్ళు ఇంకొకరికి చెబుతారు. న్యూస్ అండ్ నోట్స్ అనే వారపత్రికలో హౌస్‌సిట్టింగ్ ప్రకటనలు వస్తాయి గానీ, ఆఖరికి ఇల్లు చేతిలో పెట్టేది నోటిమాట మీదే. అక్కడ భూమి గానీ ఇళ్ళు గానీ ఎవరి సొంతమూ కావు. 1988 నాటి చట్టంతో ఏర్పడిన ఆరోవిల్ ఫౌండేషన్ పేర ఉంటాయి. ఉండేవాళ్ళు బాధ్యులు మాత్రమే కాబట్టి అద్దెకివ్వడమన్నది లేదు. మనం కట్టేది ఊరికి చెల్లించే రోజువారీ కాంట్రిబ్యూషన్, వాడుకున్న గ్యాసు, కరెంటు ఖర్చులు. ఎవరెంత పెట్టుకోవాలో ముందే కాగితం మీద రాసుకుంటే ఇద్దరికీ మంచిది.

ఇల్లు అప్పగించుకోవడానికి ఒక సాయంత్రం చాలదు. ఇంటివాళ్ళు ఉండగానే రెండు రాత్రులు అక్కడ పడుకోవాలి. మోటారు ఏ వేళకి వేస్తారు, రాత్రి పదికి బ్యాటరీలో ఛార్జి ఎంత మిగులుతుంది, కుక్క ఎవర్ని చూసి మొరుగుతుంది, వంటింట్లో ఏ గట్టు మీద చీమలు వస్తాయి అన్నవి వాళ్ళు చెప్పరు. దాచిపెట్టాలని కాదు, వాళ్ళకి అలవాటైపోయి చెప్పాలన్న సంగతే తోచదు. మనం పక్కనుంచి చూసి రాసుకోవాలి. ప్రతి వాల్వునీ స్విచ్చునీ ఫోటో తీసి, ఏది తెరిచి ఉండాలో ఏది మూసి ఉండాలో ఫోటో కిందే రాసుకోవాలి. ఇంటివాళ్ళు విమానంలో ఉన్నప్పుడు ట్యాంకు పొంగితే ఫోను ఎత్తేవాళ్ళుండరు.

ఊరి మధ్య ఇళ్ళకు కరెంటు లైను ఉంటుంది. గ్రీన్‌బెల్ట్‌లో సోలార్ మీదే నడిచే ఇళ్ళు చాలా ఉన్నాయి. అక్కడ వాడే పెద్ద లెడ్ యాసిడ్ బ్యాటరీలు నిర్లక్ష్యాన్ని ఒక్క వేసవిలోనే బయటపెట్టేస్తాయి. పొద్దున్న ఎండ తగలకముందు, ఏ లోడూ లేనప్పుడు మల్టీమీటరుతో చూడాలి. 12 వోల్టుల బ్యాటరీ 12.6, 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2కి వచ్చిందంటే సగం అయిపోయినట్టు. అంతకంటే కిందికి రోజూ దించుతుంటే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, బ్యాటరీ మళ్ళీ పూర్తిగా ఛార్జి ఎక్కదు. ఇన్వర్టరు కట్ అయ్యేదాకా వాడుకోవచ్చులే అనుకోకూడదు. అది చివరి హద్దు, రోజూ అక్కడిదాకా పోవడం బ్యాటరీని చంపుకోవడమే. ఇస్త్రీపెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, హెయిర్ డ్రయర్ అలాంటి ఇంట్లో వాడకూడని వస్తువులు. మిక్సీ లాంటివి మిట్టమధ్యాహ్నం, ప్యానెళ్ళు నిండుగా ఇస్తున్నప్పుడు వాడుకోవాలి.

ఎండాకాలంలో బ్యాటరీల్లో నీళ్ళు త్వరగా తగ్గుతాయి. వారానికోసారి మూతలు తీసి చూడాలి. డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ పోయకూడదు, ఫిల్టరు నీళ్ళయినా సరే. పోసేది కూడా ఛార్జింగ్ పూర్తయ్యాక, సాయంత్రం. ఛార్జి అవుతున్నప్పుడు లోపలి ద్రవం ఉబ్బుతుంది కాబట్టి, పొద్దున్నే నిండా పోస్తే మధ్యాహ్నానికి యాసిడ్ పొంగి టెర్మినళ్ళ మీద పడుతుంది. ప్లేట్లు తేలిపోయి కనిపిస్తుంటే మాత్రం, అవి మునిగేంతవరకు ముందే పోసి తర్వాత ఛార్జి పెట్టాలి. ఎర్రదుమ్ము వల్ల ప్యానెళ్ళు మసకబారతాయి. వాటిని తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడే మెత్తటి గుడ్డతో తుడవాలి. మండే గాజు మీద చన్నీళ్ళు పోస్తే పగిలే ప్రమాదం ఉంది.

డ్రై టాయిలెట్ దగ్గర కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. సరిగ్గా వాడితే వాసన రాదు. దాని కిటుకంతా తడి పొడి వేరుగా ఉంచడంలోనే ఉంది. మూత్రం, కడుక్కున్న నీళ్ళు ఒక దారిన, మలం ఇంకో దారిన పోవాలి. అయిన ప్రతిసారీ ఒకటి రెండు మగ్గుల రంపపు పొట్టు పైన చల్లి మూత వేయాలి. పొట్టులోని కార్బన్, మలంలోని నైట్రోజన్ కలిస్తేనే సూక్ష్మజీవులు పని చేస్తాయి. తడి పెరిగితే గాలి ఆడక కుళ్ళు మొదలవుతుంది. వాసన వస్తోందంటే ఎవరో నీళ్ళు తప్పు దారిన పోశారని అర్థం. ఫినాయిలు పోస్తే వాసన పోదు, సూక్ష్మజీవులు పోతాయి. చేయాల్సిందల్లా రెండు రోజులు పొట్టు రెట్టింపు వేయడం. ఈగలు కనిపిస్తే గాలిగొట్టం పైన దోమతెర చినిగిందేమో చూడాలి. ప్లైవుడ్ పొట్టు తేకూడదు, దాంట్లో జిగురు రసాయనాలుంటాయి. నిఖార్సైన కర్ర కోసే మిల్లు నుంచే తెచ్చుకోవాలి. పొట్టు బస్తా సగానికి వచ్చినప్పుడే రెండో బస్తాకి కబురు పెట్టాలి. టాయిలెట్ కిందున్న రెండు గదుల్లో ఒకటి నిండాక దాన్ని మూసేసి రెండోది వాడతారు. మూసిన గదిని ఏడాదిపాటు కదపకుండా ఉంచి, ఆ ఎరువుని కాయగూరలకు కాక చెట్లకే వేస్తే నిశ్చింత. విడిగా పట్టిన మూత్రాన్ని పదింతల నీళ్ళు కలిపి అరటి మొదళ్ళలో పోయొచ్చు.

స్నానం నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు చాలా ఇళ్ళలో మొక్కల మడిలోకి పోతాయి. అందుకే ఆ ఇళ్ళలో బ్లీచింగ్, డ్రైనేజీ క్లీనరు వంటివి వాడకూడదు. వంటింటి జిడ్డు పట్టే తొట్టిని వారానికోసారి చేత్తో తీసి శుభ్రం చేయాలి. లేదంటే ఆ జిడ్డు పోయి మడిలోని కంకర సందుల్లో పేరుకుంటుంది. తర్వాత మడంతా తవ్వి కంకర కడుక్కోవాల్సి వస్తుంది.

క్యాప్సూల్ అని పిలిచే చిన్న గుడిసెలు కొన్ని ఉన్నాయి. సరుగుడు కర్రలు, పైన కొబ్బరాకు కప్పు, కింద గ్రానైటు రాతి కాళ్ళు. రాయి ఎందుకంటే చెదలు కర్రకి పట్టకుండా. చెద నేల నుంచి మట్టి సొరంగం కట్టుకుంటూ పైకెక్కుతుంది. రాయి మీద ఆ గీత కనపడగానే తుడిచేస్తే సరిపోతుంది. కర్రకి చేరితే వాన వచ్చేదాకా తెలియదు. రోజూ పొద్దున్న కాళ్ళచుట్టూ ఒకసారి తిరిగి చూడటం హౌస్‌సిట్టింగ్‌లో అసలు పని. చీపురు, సైకిలు, ఆరేసిన చాప రాతి కాలుని ఆనుకుని ఉన్నా చెదకి అదే నిచ్చెన. తేళ్ళు ఉంటాయి, బూట్లు దులిపి తొడుక్కోవాలి. రక్తపింజరి ఉండే ప్రాంతం కాబట్టి చీకటి పడ్డాక టార్చి లేకుండా గడప దాటకూడదు. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం వంటివి చేయకుండా, కరిచిన కాలు కదలనివ్వకుండా నేరుగా పుదుచ్చేరిలోని జిప్మర్ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆ దారిన రాత్రిపూట వచ్చే టాక్సీ నంబరు గోడ మీద రాసి ఉండాలి.

ఇంట్లో పనిచేసే అమ్మ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కుయిలాపాళయం, ఎడయన్‌చావడి, ఆలంకుప్పం, కొట్టకరై వంటి చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చే ఆడవాళ్ళు చాలా ఇళ్ళలో పని చేస్తారు. అందరూ వాళ్ళని అమ్మ అనే పిలుస్తారు. ఇంటివాళ్ళు లేని నెలల్లో ఆమె జీతం ఎవరిస్తారు, సెలవులెన్ని అన్నది ఇద్దరి ముందూ తేలాలి. ఇల్లు చిన్నది, మేమే చేసుకుంటాం, ఈ రెండు నెలలూ రావద్దు అనడం ఆమె ఇంటి పొయ్యి ఆర్పడమే. నీళ్ళ వాడకం, కరెంటు ఆదా గురించి ఎంతో పట్టింపుగా మాట్లాడేవాళ్ళు కూడా ఈ జీతం సంగతి మర్చిపోవడం మాకు బాధ కలిగించే విషయం. పక్క ఊరి కుటుంబం నిలబడకపోతే ఆరోవిల్ నిలబడిందని ఎలా అంటాం? పైగా ఇంటి గురించి ఇంటివాళ్ళకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. ఏ వాన నీళ్ళు ఏ మూల నుంచి కారతాయో ఆమెని అడిగి తెలుసుకోవాలి. తమిళం నాలుగు ముక్కలు వస్తే చాలు.

అడవి పని పొద్దున్న ఆరింటికే మొదలవుతుంది. మే నెలలో తొమ్మిది దాటితే ఉక్కపోతకి పార పట్టలేం. 1968 ఫిబ్రవరి 28న 124 దేశాల మట్టి ఒక పాలరాతి కలశంలో పోసి ఈ ఊరు మొదలుపెట్టినప్పుడు ఇక్కడ ఉన్నది బోడి ఎర్రమట్టి దిబ్బ, వాన కోతకి పడ్డ లోయలు. ముందు నీడ కోసం ఆస్ట్రేలియా తుమ్మ వేశారు. అది తొందరగా పెరిగింది, ఆకు రాల్చి నేలని కప్పింది. కానీ వేళ్ళు లోతుకి పోవు. 2011 డిసెంబరు 30న థానే తుఫాను వచ్చినప్పుడు అలాంటి చెట్లు విపరీతంగా కూలాయి. వాటి నీడన నెమ్మదిగా ఎదిగిన స్థానిక చెట్లు ఇప్పుడు అసలు అడవి. పాల, అల్లి, ముష్టి, నేరేడు వంటివి. ఇదే రకం తీరపు అడవి మన శ్రీహరికోటలో ఉంది. తెలుగువాళ్ళు ఇక్కడ పని నేర్చుకుంటే మన తీరంలో నేరుగా పనికొస్తుంది.

అయితే ఇక్కడొక చిక్కుంది. ఇళ్ళు ఖాళీగా దొరికేది వేసవిలో, మొక్కలు నాటేది ఈశాన్య రుతుపవనాల ముందర, అక్టోబరు చుట్టుపక్కల. మొక్కలు నాటాలన్న కోరికతో మే నెలలో వచ్చినవాళ్ళు నిరాశపడతారు. వేసవి పనులు వేరు: విత్తనాలు ఏరడం, నర్సరీ, ఆకుచెత్త కప్పడం, గట్లు సరిచేయడం. నేరేడు గింజని ఎండబెట్టి దాచుకోవడానికి లేదు. గుజ్జు కడిగేసి రోజుల్లోనే నాటాలి, ఆరిపోతే మొలవదు. పాత సంచుల్లో మిగిలిపోయిన మొక్కల వేళ్ళు చుట్టలు తిరిగి ఉంటాయి. వాటిని విడదీసి కత్తిరించకుండా నాటితే కొన్నేళ్ళకి చెట్టు గాలికి పడిపోతుంది. కిందటేడు నాటిన మొక్క చుట్టూ జానెడు మందాన ఆకుచెత్త వేస్తాం గానీ మొదలుకి తగలనివ్వం. నాలుగు వేళ్ళ ఎడం వదలకపోతే చెద ఆ చెత్తలోంచే మొక్క బెరడులోకి వెళ్తుంది.

గట్టు పనికి అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావాలి. ఇక్కడ ఏడాదికి సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో పెద్ద భాగం కొన్ని వారాల్లోనే కురిసిపోతుంది. ఆ నీరు పరుగెత్తకుండా ఆపి ఇంకించాలి. సముద్రం దగ్గర కాబట్టి భూగర్భజలం తగ్గితే ఉప్పునీరు లోపలికి చొచ్చుకొచ్చే భయం ఉంది. గట్టు సమతలం మీదే సాగాలి. మేస్త్రీలు వాడే, నీళ్ళు నింపిన లెవెల్ ట్యూబుతో ప్రతి నాలుగైదు అడుగులకీ గూటం కొట్టుకుంటూ పోవాలి. ట్యూబులో గాలి బుడగ ఒక్కటున్నా కొలత తప్పుతుంది. గట్టు మీద ఒకచోట నాలుగంగుళాలు పల్లమైతే, వానలో చెరువంత నీళ్ళూ అక్కడే పొర్లి గట్టుని చీల్చేస్తాయి. అందుకే పొర్లే దారిని మనమే ఒకచోట నిర్ణయించి, గట్టు కంటే ఒక అడుగు కిందుగా ఉంచి, రాళ్ళు పరుస్తాం. వేసవిలో ఎలుక బొరియలు వెతికి పూడ్చాలి. పైన మట్టి కప్పితే చాలదు, బొరియ చివరిదాకా తవ్వి, తడిమట్టి పొరలు పొరలుగా దిమ్మిస కొట్టాలి.

మధ్యాహ్నం భోజనం సోలార్ కిచెన్‌లో. 1997లో కట్టిన ఆ వంటశాల కప్పు మీద 15 మీటర్ల వ్యాసమున్న అద్దాల గిన్నె ఉంది. అది కదలదు, సూర్యుడి వెంట కదిలేది దానిపైన వేలాడే బాయిలరు. ఆవిరితో వంట అవుతుంది, మబ్బు పట్టినరోజు ఆవిరికి ఇంధనం మండించక తప్పదు. పక్క బల్లల మీద క్రౌన్ రోడ్డు, అంటే ఊరి ప్లానులో వలయంగా గీసిన రోడ్డు, మాట వస్తూనే ఉంటుంది. 2021 డిసెంబరులో ఆ రోడ్డు కోసం చెట్లు కొట్టడం మొదలైన దగ్గర్నుంచి ఊరు రెండుగా ఆలోచిస్తోంది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2025 మార్చిలో తీర్పు వచ్చింది. యాభై వేలమంది కోసం గీసిన నగరం కట్టాలనేవాళ్ళకీ, చేత్తో పెంచిన అడవి ముఖ్యమనేవాళ్ళకీ వాదనలున్నాయి. రెండు నెలలు ఉండి వెళ్ళే వాలంటీరు పక్షం తీసుకోకుండా ఇద్దరి మాటా వినడం మేలు. చెట్ల వైపే మా మనసు ఉందని మాత్రం దాచం.

ఇంటివాళ్ళు వచ్చే వారం ముందే ఇల్లు తిరిగి అప్పగించే పని మొదలుపెట్టాలి. రోజువారీ బ్యాటరీ వోల్టేజీ రాసిన పుస్తకం, గ్యాసు మార్చిన తేదీ, కుక్కకి టీకా వేయించిన చీటీ, అమ్మకి ఇచ్చిన జీతం లెక్క బల్ల మీద పెట్టాలి. పగిలిన గ్లాసు ఉంటే అలాంటిదే కొని పెట్టాలి, దొరక్కపోతే ముందే ఫోనులో చెప్పాలి. పొట్టు బస్తా నిండుగా, ట్యాంకు నిండుగా, డిస్టిల్డ్ వాటర్ క్యాను కొత్తది ఉంచాలి. ఒక రాత్రి ఇంటివాళ్ళతోనే ఉండి, వాళ్ళు లేనప్పుడు వచ్చిన చిన్న మార్పులన్నీ తిరిగి చూపించాకే తాళంచెవి ఇవ్వాలి.