బాబుకి పేగులో పేగు దూరిపోయింది - మా అనుభవం

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడి. బాబుకి ఏడో నెల నడుస్తుండగా జరిగింది ఇది, మా వైపు చంటిపిల్లలున్న వాళ్ళకి తెలియాలనే రాస్తున్నా.

ఆ ఏడుపు మామూలు ఏడుపు కాదండి. ఉన్నట్టుండి కేక పెట్టి రెండు కాళ్ళూ పొట్టకేసి ముడుచుకునేవాడు, కాసేపటికి తనే ఊరుకుని నీరసంగా భుజం మీద వాలిపోయేవాడు, హమ్మయ్య తగ్గింది అనుకునేలోపే మళ్ళీ మొదలు. పాలు పడితే కక్కేస్తున్నాడు. అత్తయ్యగారు దిష్టి తీశారు, దగ్గర్లో క్లినిక్‌లో గ్యాస్ అని చెప్పి డ్రాప్స్ ఇచ్చారు. సాయంత్రానికి పచ్చగా పసరు కక్కాడు, డైపర్ విప్పితే విరేచనం కాదు, ఎర్రగా జిగురుగా జామ్‌లా ఉంది, రక్తం!

ఇంక ఆగలేదు. ఆంధ్రాలో పాతపట్నం పక్కనే కదా, శ్రీకాకుళం పోదాం అన్నారు మా ఆయన, కానీ మా హెల్త్ కార్డు ఒడిశాది, పైగా తెలిసిన సిస్టర్ ఫోన్‌లో పిల్లల సర్జన్ ఉన్నచోటికే తీసుకెళ్ళండి అంది, దాంతో పలాస, ఇచ్ఛాపురం మీదుగా ఒడిశాలోనే ఉన్న బరంపురం మెడికల్ కాలేజీకి వెళ్ళిపోయాం.

అల్ట్రాసౌండ్‌లో రింగులో రింగు కనిపించింది. చిన్నపేగు చివర పెద్దపేగులోకి దూరిపోయిందట, ఇంటస్ససెప్షన్ అంటారు. పేగు బిగిసినప్పుడల్లా నొప్పి, అందుకే ఆ ఏడుపు ఆగి ఆగి వస్తోంది. ఆలస్యమైతే ఇరుక్కున్న ముక్కకి రక్తం అందక కుళ్ళిపోతుంది, అప్పుడు కోసి తీసెయ్యాల్సిందే. ముందు సెలైన్ ఎక్కించి, ముక్కులోంచి ట్యూబ్ వేసి, అవసరమైతే ఆపరేషన్‌కి అని సంతకం తీసుకున్నారు. తర్వాత మలద్వారం గుండా సెలైన్ నీళ్ళు పంపిస్తూ స్కాన్‌లో చూశారు. నీళ్ళు నెట్టేకొద్దీ ఆ రింగు కొంచెం కొంచెం వెనక్కి జరగడం, ఆఖర్న నీళ్ళు చిన్నపేగులోకి పారడం డాక్టరుగారు స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించారు. కొయ్యకుండానే అయిపోయింది.

రోటా చుక్కల (రోటావైరస్ విరేచనాలు రాకుండా పిల్లల నోట్లో వేసే టీకా) వల్లేనా సార్ అని అడిగా. ఆ టీకా 2016లో మొదట ఇచ్చిన 4 రాష్ట్రాల్లో ఒడిశా, ఆంధ్రా రెండూ ఉన్నాయి కాబట్టి మా చుట్టాల్లో అందరికీ అదే అనుమానం. మన దేశంలో పరిశీలించినప్పుడు ఆ చుక్కలతో ఇది పెరిగినట్టు తేలలేదమ్మా, చాలామంది పిల్లల్లో కారణమే దొరకదు, కొందరికి జలుబో విరేచనాలో వచ్చాక పేగు గోడలో గ్రంథులు వాచి ఇలా అవుతుంది, టీకా మానొద్దు అన్నారు.

నూటికి పదిమందిలో మళ్ళీ రావచ్చట. వస్తే ఇంట్లో పాలు గానీ నీళ్ళు గానీ పట్టకుండా, ఆ స్కాన్ కాగితాలు పట్టుకుని నేరుగా వచ్చెయ్యమన్నారు.