అమ్మవారి జడలో పూలెందుకున్నాయి?

ఆదిశంకరుల సౌందర్యలహరిలో 42వ శ్లోకం అమ్మవారి కిరీటం గురించి. సూర్యులే మాణిక్యాలై ఒత్తుగా పొదిగిన బంగారు కిరీటం. అంత వెలుగును ఎదురుగా పెట్టుకుని కూడా శంకరులు దాన్ని ఏమీ అడగలేదు. మరుసటి శ్లోకంలో కురుల దగ్గరికొచ్చి అడిగారు: "ధునోతు ధ్వాంతం నః", మా చీకటిని పోగొట్టుగాక అని. చీకటి పోగొట్టమని నల్లటి జుట్టును అడగడమేమిటి? చాలా ఏళ్లు నేనీ మాటను దాటేసి చదివాను.

విశేషణాల వరస చూడండి. ముందు విచ్చుకున్న నల్లకలువల తోటలా ఉందన్నారు. అది దూరపు చూపు. తరవాత ఘనం, అంటే ఒత్తుగా ఉంది. స్నిగ్ధం, చమురు రాసినట్టు నిగనిగలాడుతోంది. కాస్త దగ్గరికొచ్చాం. శ్లక్ష్ణం, నున్నన. ఇది వేళ్లకు తెలియాల్సిన సంగతి. ఆఖరున పరిమళం. దానికి తల ఆనించేంత చనువుండాలి. ముఖం ఊరందరికీ కనిపిస్తుంది, జుట్టు వాసన తెలిసేది ఇద్దరు ముగ్గురికే: కట్టుకున్నవాడికి, చంకనెక్కిన బిడ్డకి. కరెంటు పోయిన రాత్రి పక్కలో తడుముకుంటూ అమ్మ జడ కొస దొరికితే చాలు, పిల్లాడు ఏడుపు ఆపేస్తాడు. దీపం ఇంకా ఎవరూ వెలిగించి ఉండరు.

ఇక పూల సంగతి. పూలే జడకు వాసన ఇస్తాయని మన లెక్క. ఇక్కడ అది తిరగబడింది. ఇంద్రుడి తోటలోని చెట్ల పూలు ఆ కురుల సహజ పరిమళం తమకూ అబ్బాలని వచ్చి అందులో కాపురముంటున్నాయట. "వసంతి", అంటే నివాసముంటున్నాయి, అన్నది ఎంత ఇంటి మాటో! పైగా పూలకు వాడిన పేరు సుమనసులు. మంచి మనసున్నవాళ్లనీ ఆ మాటకు అర్థం.

ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో పాండ్యరాజు ఆస్థానకవి నత్కీరుడు సరిగ్గా ఇక్కడే తగువుపడ్డాడు. స్త్రీ కొప్పుకు సహజగంధం ఉందన్న శివుడి పద్యాన్ని నిండు సభలో తప్పుపట్టాడు. శివుడు నుదుటి కన్ను చూపిస్తే, తల చుట్టూ కళ్లున్నా తప్పు తప్పేనన్నాడు. శాపం తగిలి రోగం పాలయ్యాడు. ఆ తెగువ నాకిష్టమే, వాదనలో ఓడాడనీ అనను. కానీ ఆ పద్యం రాసినవాడు పార్వతి పెనిమిటి. ఆయన శాస్త్రం తిరగేసి రాయలేదు.