విజయపురలో మూడు తరాల సమాధులు

ఉత్తర కర్ణాటకలోని విజయపురకు, అంటే పాత బీజాపూరుకు, వచ్చే యాత్రికులు చాలామంది రైలు దిగగానే గోల్ గుంబజ్ వైపు నడుస్తారు. అది స్టేషనుకు దగ్గరే కనుక సహజమే. నేను మాత్రం ఆదిల్‌షాహీ వంశంలో తండ్రి, కొడుకు, మనుమడు కట్టించుకున్న సమాధులను అదే వరుసలో చూడాలని నిశ్చయించుకుని, ముందుగా ఊరికి పడమటనున్న ఇబ్రహీం రౌజాకు వెళ్ళాను.

1627లో మరణించిన రెండో ఇబ్రహీం ఆదిల్‌షా సంగీతప్రియుడు. తన దక్కనీ గీతాలలో సరస్వతీదేవిని స్తుతించిన సుల్తాను. ఆ మనసు ఈ కట్టడంలో అడుగడుగునా కనిపిస్తుంది. ఒకే ఎత్తైన అరుగు మీద సమాధి, మసీదు ఎదురెదురుగా ఉంటాయి. సమాధి గోడల నిండా లతలు, అరబ్బీ లిపి చెక్కి ఉన్నాయి. కిటికీల జాలీలను సైతం అక్షరాలుగానే మలిచారు కనుక, వెలుతురు ఆ అక్షరాల సందుల గుండానే లోపలికి వస్తుంది. సమాధి గదికి స్తంభాల ఆసరా లేకుండా, సమతలంగా నిలిచిన రాతి పైకప్పును తలెత్తి చూస్తూ ఎంతసేపు ఉండిపోయానో చెప్పలేను. దక్కను సుల్తానుల కట్టడాలలో నేను చూసినంతవరకు ఇంత సుకుమారమైనది మరొకటి లేదు.

కుమారుడు మహమ్మద్ ఆదిల్‌షా నగిషీలో తండ్రితో పోటీపడలేదు, పరిమాణాన్ని ఎంచుకున్నాడు. ఆయన 1656లో మరణించాడు. ఆయన సమాధి అయిన గోల్ గుంబజ్ గుమ్మటం వెలుపలి వ్యాసం దాదాపు 44 మీటర్లు; లోపల ఒక్క స్తంభం కూడా లేదు. చతురస్రాకారపు గోడల మీద గుండ్రని గుమ్మటం ఎలా నిలిచిందన్న సందేహం పైకి చూస్తే తీరుతుంది: ఒకదానినొకటి ఖండించుకునే ఎనిమిది కమానులు చతురస్రాన్ని క్రమంగా వృత్తానికి చేరువ చేసి, గుమ్మటం బరువును గోడలకు అందిస్తాయి. మూలనున్న ఏడంతస్తుల బురుజులోని ఇరుకు మెట్లెక్కి గుమ్మటం లోపలి వసారాకు చేరితే, గోడ దగ్గర మెల్లగా పలికిన మాట ఎదుటి పక్కన స్పష్టంగా వినబడుతుంది. జనం పెరిగాక కేకల హోరులో ఈ అద్భుతం మునిగిపోతుంది కనుక, తెల్లవారుతూనే వెళ్ళడం మంచిది.

దారిలో, 1549లో పోతపోసిన మాలిక్-ఎ-మైదాన్ ఫిరంగిని, సింహపు నోరులా తీర్చిన దాని మూతిని కాసేపు చూసి, మనుమడి సమాధి అయిన బారా కమాన్‌కు వెళ్ళాను. తండ్రి కట్టడాన్ని మించాలని రెండో అలీ ఆదిల్‌షా దీనిని ఆరంభించాడని చెబుతారు. 1672లో ఆయన మరణించేనాటికి పని పూర్తికాలేదు; పైకప్పు లేని నల్లరాతి కమానులు మాత్రమే మిగిలాయి. అయినా దీనిని శిథిలమని దాటిపోకూడదు. పూర్తయిన కట్టడాలలో గచ్చు, గోడలు కప్పివేసే నిర్మాణక్రమం ఇక్కడ బయటికే కనిపిస్తుంది. రాయి మీద రాయి ఎలా వంపు తిరిగి కమానుగా కలిసిందో దగ్గరగా నిలబడి పరిశీలించవచ్చు. గోల్ గుంబజ్ లోపల తలెత్తి చూసినదంతా నాకు ఇక్కడే పూర్తిగా అర్థమైంది.